ముందు సంతకాలు, తరువాత చదువు

ఈ పక్షం వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం చెన్నైలో చదువు ముగించబోతున్న తెలుగు విద్యార్థులు, వారి ఇళ్ళవారు రాసినవి. ఏప్రిల్ సగం దాటిందంటే ఏటా ఇదే వరస. అందుచేత మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి వీటికే చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ చివరి సెమిస్టరు చదువుతున్నాను. మాది కావలి దగ్గర ఒక పల్లె. తిరువల్లిక్కేణిలో ఒక మహిళా వసతిగృహంలో, మేడ మీది రేకుల గదిలో ఉంటున్నాను. ఇంకా ఆరు వారాలు ఉన్నాయి. ఈలోగా ప్రాజెక్టు నివేదిక ముగించాలి, వైవాకు, అంటే మౌఖిక పరీక్షకు, హాజరు కావాలి, రెండు పేపర్లు రాయాలి, లైబ్రరీ నుంచి, ల్యాబు నుంచి, హాస్టలు నుంచి బాకీలేవీ లేవన్న నో డ్యూస్ కాగితం తెచ్చుకోవాలి, గది ఖాళీ చేయాలి. ఉదయం లేవగానే ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుంటాను. సాయంత్రానికి ఒక్కటి కూడా కొట్టివేయలేకపోతున్నాను. ఎవరో ఒకరు ‘ఇదే చివరిసారి’ అంటూ బీచికో టీ కొట్టుకో పిలుస్తారు, కాదనలేను. రాత్రి రెండింటి వరకు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే సాగేది రెండు పేరాలు. నాకు క్రమశిక్షణ లేదనుకోవాలా?
— ఒక విద్యార్థిని, చెన్నై

జవాబు: అంత మాట అనుకోకండి. లోపం మీరు రాసుకుంటున్న కాగితంలో ఉంది. అందులోని పనులను మరొకసారి చూడండి. కొన్ని మీరు ఒక్కరే కూర్చుని చేసుకోగలిగినవి: చదవడం, రాయడం, సామాను సర్దుకోవడం. మిగిలినవి మరొకరు తమ గదిలో ఉండి, పెన్ను చేతిలోకి తీసుకుంటే తప్ప జరగనివి: గైడు సంతకం, విభాగాధిపతి సంతకం, లైబ్రేరియను ముద్ర, ల్యాబు సహాయకుడు బీరువా తాళం తీసి మీ పేరు మీద ఉన్న గాజు సామాను లెక్క చూసుకోవడం. మొదటి రకం పని రాత్రి తొమ్మిదింటికైనా చేసుకోవచ్చు. రెండవ రకం పనికి మన తొందరతో సంబంధం లేదు. ఆ మనిషి నాలుగు రోజులు సెలవు పెడితే అది వారం వెనక్కు పోతుంది. నేను పాతికేళ్ళు ఒక కళాశాలలో పాఠాలు చెప్పాను. చివరి వారంలో నా గది ముందు దిగాలుగా నిలబడిన పిల్లలలో చదువు రానివారు చాలా తక్కువ. సంతకానికి ఆలస్యంగా వచ్చినవారే ఎక్కువ. పరీక్షలు మొదలుకాగానే అధ్యాపకులు పేపర్లు దిద్దడానికి మరో కేంద్రానికి వెళ్ళిపోతారన్న చిన్న సంగతి పిల్లలకు ముందుగా చెప్పేవారు ఉండరు.

కాబట్టి కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఇతరుల చేతిలో ఉన్న పనులన్నీ ఎడమవైపు రాసి, ప్రతిదాని పక్కన ఆ మనిషి ఏ రోజుల్లో, ఏ వేళలో దొరుకుతారో రాయండి. మొదటి రెండు వారాలు పది నుంచి ఒంటిగంట వరకు ఆ వైపు పనులే చూడండి. చదువు వెనకబడుతున్నదని భయం వేస్తుంది, వేయనివ్వండి. నో డ్యూస్ కాగితం మీద ఏడు చోట్ల సంతకాలు కావలసి ఉంటే, ఆ ఏడింటిలో ఒకచోట తప్పకుండా మీరు ఎన్నడూ చూడని పాత బాకీ ఒకటి బయటపడుతుంది. మొదటి సంవత్సరంలో తెచ్చి, స్నేహితురాలికి ఇచ్చి, మరచిపోయిన ఒక లైబ్రరీ పుస్తకమో, ఎవరో పగలగొట్టిన బ్యూరెట్టో అయి ఉంటుంది. అది మొదటి వారంలో తెలిస్తే వంద రూపాయల వ్యవహారం. చివరి రోజు తెలిస్తే ఇంటికి వెళ్ళే రైలు తప్పిపోయే వ్యవహారం.

మీ ఎడమవైపు జాబితాలో లేని ఒక పనిని నేను చేరుస్తున్నాను. నివేదికకు సారూప్యత తనిఖీ, అంటే మీరు ప్లేజరిజం చెక్ అనేది, చాలా విభాగాలలో లైబ్రరీవారి ద్వారానే జరుగుతుంది. చివరి వారంలో అక్కడ వరుస ఉంటుంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో చేసిన నిబంధనల ప్రకారం 10 శాతం వరకు సారూప్యతకు చర్య లేదు. 10 దాటి 40 శాతం వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి ఇమ్మంటారు. 40 దాటి 60 వరకు ఉంటే సవరించిన ప్రతిని ఒక ఏడాది పాటు తీసుకోరు. 60 దాటితే ఆ కోర్సులో నమోదు రద్దవుతుంది. మూలం చెప్పి ఉటంకించిన భాగాలు, గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు ఈ లెక్కలోకి రావు. మీ విభాగం ఇంతకంటే గట్టి హద్దు పెట్టి ఉండవచ్చు, అడిగి తెలుసుకోండి. నా అనుభవంలో పిల్లలు చిక్కుకునేది ఫలితాల అధ్యాయంలో కాదు, పద్ధతుల అధ్యాయంలో. సీనియరు నివేదికలో ఉన్న ప్రయోగ విధానాన్ని ‘ఇది అందరిదీ ఒకటే కదా’ అని యథాతథంగా దించేస్తారు. ఆ సీనియరు కూడా మరొకరి దగ్గర దించుకున్నదే కాబట్టి యంత్రం ఇద్దరినీ కలిపి పట్టుకుంటుంది. అసంపూర్తిగా ఉన్నా సరే, మూడు వారాల ముందే ఒకసారి తనిఖీ చేయించండి. బైండింగు దుకాణం మాట కూడా ఇప్పుడే అడిగి ఉంచుకోండి. సంతకాలు పడవలసిన పేజీలను మాత్రం రెండేసి ప్రతులు ఎక్కువగా తీసి పెట్టుకోండి.

ఇక రోజు సంగతి. మన పంచాంగాలలో కర్తరి అని, ఇక్కడివారు కత్తిరి అని పిలిచే ఎండలు మే మొదటి వారంలో మొదలై నెలాఖరు దాకా ఉంటాయి. మట్టిపని, ఇంటిపని మొదలుపెట్టకూడదని మన పెద్దలు చెప్పిన ఆ రోజుల్లో రేకుల గదిలో మధ్యాహ్నం కూర్చుని నివేదిక రాయాలనుకోవడం సాహసమే. మీరు రాత్రి రెండింటికి రాస్తున్న రెండు పేరాలను తెల్లవారుజామున ఐదింటికి అరగంటలో రాయగలుగుతారు. అప్పటికి రేకు చల్లబడి ఉంటుంది, ఫోనులో ఎవరూ మేలుకుని ఉండరు. మధ్యాహ్నం గదిలో ఉండకండి. తిరువల్లిక్కేణి స్టేషనులో వేళచ్చేరి వైపు వెళ్ళే రైలు ఎక్కితే కొట్టూర్‌పురంలో దిగవచ్చు. అక్కడ 2010లో తెరిచిన అన్నా శతజయంతి గ్రంథాలయం ఉంది. చల్లగా ఉంటుంది, మన పుస్తకాలు మనమే తీసుకువెళ్ళి చదువుకోవడానికి ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. సందర్భం కాకపోయినా ఒక మాట చెప్పకుండా ఉండలేను. సి.పి. బ్రౌన్ సేకరించిన తెలుగు తాళపత్రాలు, రాతప్రతులు ఉన్న ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం కూడా ఇప్పుడు ఆ భవనంలోనే ఉంది. చెన్నైలో రెండేళ్ళు చదివి దాన్ని చూడకుండా వెళ్ళిన తెలుగు పిల్లలను తలచుకుంటే నాకు కొంచెం కోపమే వస్తుంది.

సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక స్నేహితులతో వెళ్ళండి. ‘చివరిసారి’ అన్న పిలుపు వారానికి నాలుగుసార్లు వస్తున్నప్పుడు దానికి ఒక వేళ కేటాయించుకోవడంలో అమర్యాద ఏమీ లేదు. ఆరు నుంచి ఎనిమిది వరకు మెరీనాలో ఉంటానని మీరే అందరికీ చెబితే, పిలిచేవారు ఆ వేళకే వస్తారు.

వైవా గురించి మీరు అడగలేదు గాని, ఒక్క సూచన. మీ ప్రాజెక్టులో ఏమి చేశారో ఫోనులో మీ అమ్మగారికి తెలుగులో, ఐదు నిమిషాలలో చెప్పి చూడండి. ఎక్కడ ఆగిపోయి ‘అది నీకు అర్థం కాదులే’ అంటారో, పరీక్షకుడు సరిగ్గా అక్కడే ప్రశ్న వేస్తాడు.

ప్రశ్న: ఇంజనీరింగు చివరి సెమిస్టరులో ఉన్నాను. ఒక అరియర్ మిగిలి ఉంది, దాన్ని ఈసారి రాస్తున్నాను. బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. జూలైలో చేరేటప్పుడు ప్రొవిజనల్ సర్టిఫికెట్, అంటే పట్టా వచ్చేలోగా ఇచ్చే తాత్కాలిక పత్రం, తెమ్మన్నారు. ఇది చాలదన్నట్లు, పదో తరగతి మెమోలో నా పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా ఉంది. ఇక్కడి మార్కుల పత్రాలలో పేరు చివర ఒక పొడి అక్షరం మాత్రమే ఉంది, అదీ మా నాన్నగారి పేరులోది. ఇది ఇబ్బంది అవుతుందా?
— నెల్లూరు విద్యార్థి

జవాబు: మన వైపు సప్లీ అనేదాన్ని ఇక్కడ అరియర్ అంటారని తెలియని మీ ఇంటివారు మీకు ఎవరో జీతం బాకీ పడ్డారనుకుని సంతోషిస్తారేమో, ముందు వారికి విషయం విడమరచి చెప్పండి.

పేరు సంగతి అరియర్ కంటే పెద్దది, అందుచేత దాన్నే ముందు తీసుకుంటున్నాను. తమిళనాట ఇంటిపేరు వాడుక లేదు. తండ్రి పేరులోని మొదటి అక్షరమే పొడి అక్షరం. దరఖాస్తులో ‘ఇనిషియల్’ అన్న గడి దగ్గర ఇక్కడి గుమాస్తా తన అలవాటు ప్రకారం తండ్రి పేరు అడుగుతాడు. మన పిల్లవాడు అడిగినదానికి జవాబు చెబుతాడు. నాలుగేళ్ళ పాటు ఆ అక్షరమే అన్ని కాగితాల మీదికి ఎక్కుతుంది. చదువుతున్నన్నాళ్ళు దాన్ని ఎవరూ పట్టించుకోరు. పాస్‌పోర్టు, విదేశీ చదువు, ఉద్యోగంలో పత్రాల పరిశీలన వచ్చినప్పుడు ఇద్దరు వేర్వేరు మనుషులుగా కనిపిస్తారు. డిగ్రీ పట్టా అచ్చు కాకముందే పదో తరగతి మెమో, ఆధార్ నకళ్ళు జతపరచి కళాశాల ద్వారా పరీక్షల విభాగానికి సవరణ దరఖాస్తు ఇవ్వండి. ఇచ్చినట్లు మీ ప్రతి మీద ముద్ర వేయించుకోండి. పట్టా చేతికి వచ్చాక అదే సవరణకు ప్రమాణపత్రాలు, రుసుములు, ఊరి నుంచి చెన్నైకి ప్రయాణాలు తోడవుతాయి. ఈ కాగితం కదలడం మీ చేతిలో లేదు, కదిలించడం మొదలుపెట్టడం మాత్రం మీ చేతిలోనే ఉంది. ఈ వారమే మొదలుపెట్టండి.

ప్రొవిజనల్ సర్టిఫికెట్ అన్ని పేపర్లూ పాసైన తరువాతే ఇస్తారు, కనుక అరియర్ ఫలితం వచ్చేదాకా అది రాదు. అసలు పట్టా ఇంకా ఆలస్యం: ఉత్తీర్ణులయ్యే తేదీ నుంచి 180 రోజుల లోపల పట్టా ఇవ్వాలని యూజీసీ 2008 నిబంధనలు చెబుతున్నాయి. అంటే జూలైలో మీ చేతిలో పట్టా లేకపోవడం వింత కాదు, ఉద్యోగం ఇచ్చినవారికీ అది తెలుసు. వారికి తెలియనిది మీ అరియర్. నియామక పత్రంలో ‘చేరే నాటికి బాకీ పేపర్లు ఉండరాదు’ అన్న షరతు ఉందో లేదో జాగ్రత్తగా చదవండి. ఉంటే, ఫలితం ఎప్పుడు రావచ్చో తెలుపుతూ ఇప్పుడే ఈమెయిలు రాయండి. చేరే రోజున నోటిమాటగా చెబుదామని దాచి ఉంచినవారికి మర్యాద దక్కడం నేను చూడలేదు. మీ విశ్వవిద్యాలయం మార్కుల పత్రాలను జాతీయ అకడమిక్ డిపాజిటరీలో పెడుతుంటే అవి డిజీలాకర్‌లో దొరుకుతాయి. అక్కడ మీ పేరు ఏ రూపంలో ఉందో కూడా చూసుకోండి. టీసీ అసలు ప్రతి ఒక్కటే ఇస్తారు. దాన్ని ఎవరికైనా అప్పగించే ముందు నకళ్ళు తీయించుకోవడం మరువకండి.

ప్రశ్న: మా అబ్బాయి చెన్నైలో ఎంబీఏ ముగిస్తున్నాడు. ‘ఎప్పుడొస్తావు నాయనా’ అని అడిగితే చిరాకు పడుతున్నాడు, రెండు రోజులకు ఒకసారి కూడా ఫోను ఎత్తడం లేదు. వేసవి రద్దీలో రైలు టికెట్టు దొరకదేమోనని నా దిగులు. కాయలు దిగాయి, వాడు వచ్చాక కలుపుదామని ఆవకాయ ఆపి కూర్చున్నాను. వాళ్ళ నాన్నగారు కారు వేసుకుని వెళ్ళి తీసుకువస్తానంటున్నారు. వెళ్ళమంటారా?
— ఒక తల్లి, ఒంగోలు

జవాబు: అమ్మా, ఆవకాయ కలిపేయండి. మామిడికాయ వైవా తేదీ కోసం ఆగదు.

మీరు రోజూ అడుగుతున్న ప్రశ్నకు జవాబు ఆ అబ్బాయి దగ్గర లేదు, అదే అతని చిరాకు. వైవా తేదీ బయటి పరీక్షకుడు ఒప్పుకుంటే గాని తేలదు. అది తేలితే గాని నో డ్యూస్ ముగియదు. అది ముగిస్తే గాని గది ఖాళీ కాదు. 2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషను 120 రోజుల ముందు కాక 60 రోజుల ముందు మొదలవుతోంది. మే నెలాఖరు టికెట్ల అమ్మకం ఇప్పటికే మొదలైంది కనుక, వేసవి రద్దీలో టికెట్టు దొరకదన్న మీ ఆందోళన కూడా నిజమే. అయితే ఒంగోలుకు రైలు ఒక్కటే దారి కాదు. ఆంధ్ర వైపు బస్సులు 2018 నుంచి మాధవరం బస్టాండు నుంచి బయలుదేరుతున్నాయి. తేదీ తేలిన రోజున అక్కడికి వెళ్ళినా ఏదో ఒక బస్సు దొరుకుతుంది. రైలుకు ఒక ఉజ్జాయింపు తేదీకి టికెట్టు తీసి ఉంచుకుని, అవసరమైతే రద్దు చేసుకోమనండి. కొంత డబ్బు పోతుంది, ఇంట్లో అందరికీ నెమ్మది దొరుకుతుంది.

కారులో వెళ్ళవద్దని నేననను. చివరి రోజున మాత్రం వెళ్ళవద్దంటాను. ఆ రోజు కొడుకు ఒక కార్యాలయం నుంచి మరొకదానికి పరుగెత్తుతుంటే తండ్రి ఎండలో కారు పక్కన నిలబడి గడియారం చూసుకుంటారు, సాయంత్రానికి ఇద్దరికీ మాటా మాటా పెరుగుతుంది. రెండు వారాల ముందు ఒక ఆదివారం వెళ్ళి పుస్తకాలు, పరుపు, ఉన్ని దుప్పటి వంటివి తెచ్చేయమనండి. వెళ్ళేటప్పుడు కొత్త ఆవకాయ చిన్న జాడీ ఒకటి పంపండి. గదిలోని మిగతా పిల్లలకు కూడా సరిపోయేలా.

ప్రశ్న: నలుగురం కలిసి వేళచ్చేరిలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాము. మే నెలాఖరుకు ఖాళీ చేస్తామంటే, గోడలకు రంగు వేయించాలి కాబట్టి అడ్వాన్సులో పెద్ద భాగం తిరిగి రాదంటున్నారు ఇంటివారు. ఏమి చేయాలి?
— ఇద్దరు విద్యార్థులు

జవాబు: ఒప్పంద పత్రం తీసి చదవండి. చెన్నైలో ఖాళీ చేసేటప్పుడు రంగుకని ఒక నెల అద్దె పట్టుకోవడం చాలాచోట్ల వాడుక. పత్రంలో ఆ మాట రాసి ఉంటే వాదన అనవసరం. రాసి లేకపోతే అడగవచ్చు. తమిళనాడులో 2019 నుంచి అమలులో ఉన్న కొత్త అద్దె చట్టం, ఒప్పందంలో మరో విధంగా లేకపోతే, అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించరాదని అంటుంది. ఇల్లు అప్పగించేటప్పుడు న్యాయమైన తగ్గింపులు పోగా మిగిలినది తిరిగి ఇవ్వాలని కూడా అంటుంది. చట్టం పేరు ఎత్తడానికి ముందు చేయవలసింది మాత్రం వేరే ఉంది. ఖాళీ చేసే తేదీని రాతపూర్వకంగా, ఒక నెల ముందు తెలియజేయండి. గోడలు, కుళాయిలు, ఫ్యాన్లు ఇప్పుడు ఎలా ఉన్నాయో ఫోటోలు తీయండి. కరెంటు బిల్లు చివరిది కట్టి రసీదు చూపించండి. నలుగురూ నాలుగు తేదీలలో ఊరికి వెళ్ళిపోతే చివర మిగిలిన ఒక్కడు ఒంటరిగా బేరమాడవలసి వస్తుంది. డబ్బు చేతికి వచ్చేదాకా ఇద్దరైనా ఉండండి.

ప్రశ్న: ఫేర్‌వెల్ రోజున అందరూ కౌగిలించుకుని ఏడ్చారు. నాకు ఏమీ అనిపించలేదు. మూడేళ్ళు కలిసి ఉన్నవారిని వదిలి వెళుతుంటే కన్నీరు రాకపోవడం నా మనసు గట్టిదనడానికి గుర్తా? ఈ మధ్య నిద్ర కూడా సరిగా పట్టడం లేదు.
— బి.ఎ. విద్యార్థిని, తాంబరం

జవాబు: నిద్ర సంగతి ముందు. పరీక్షల వేళ నాలుగు రోజులు నిద్ర చెడితే పరవాలేదు. రెండు వారాలు దాటినా, తిండి సహించకపోయినా, చదువు మీదా మనుషుల మీదా ఆసక్తి పోయినా వైద్యులకు చెప్పండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీమానస్ ఉచిత సేవకు 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఏడుపు రాకపోవడం గురించి నాకు తెలిసినది నా సంగతే. నేను చదువు ముగించేనాటికి ఈ ఊరు ఇంకా మద్రాసు. సెంట్రల్ స్టేషనులో నా స్నేహితురాళ్ళు ఇద్దరు కిటికీ ఊచలు పట్టుకుని ఏడుస్తుంటే, నేను హాస్టలు స్నానాలగదిలో మరచిపోయిన స్టీలు బకెట్టు గురించి ఆలోచిస్తున్నాను. గూడూరు దాటేదాకా అదే ఆలోచన. ఆ బకెట్టు మీద మా అమ్మ తన పేరు చెక్కించింది, ఇంటికి వెళితే ఏమంటుందోనని. ఇంటికి వచ్చి మూడు నెలలయ్యాక, వానాకాలంలో ఒక ఉదయం ఐదింటికి మెలకువ వచ్చింది. హాస్టలులో ఆ వేళకు మెస్సువారు కాఫీ గ్లాసులు బల్ల మీద బోర్లించే చప్పుడు వినిపించేది. పడుకునే ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించి ఉన్నాను, ఎంతసేపటికీ రాలేదు. అప్పుడు ఏడ్చాను. అమ్మ లేచి వచ్చి కారణం అడిగితే బకెట్టు పోయినందుకని చెప్పాను.